జటిలమా? సంక్లిష్టమా?

మా ఆఫీసులో ఎస్టిమేషన్ షీటు అని ఒకటుంటుంది. మీ దగ్గర కూడా ఉండే ఉంటుంది. ప్రతి పనికీ ఎదురుగా "కాంప్లెక్సిటీ" అని ఓ కాలమ్, అందులో లో, మీడియం, హై అని మూడు ఆప్షన్లు. ఆరేళ్ళుగా ఆ కాలమ్ నింపుతూనే ఉన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాటకి అర్థమేంటని ఏ రోజూ ఆలోచించలేదు. సాయంత్రానికి అయిపోయేదైతే లో, వారం పట్టేదైతే హై, ఏమీ అంతుపట్టకపోతే మీడియం. అంతే నా సిద్ధాంతం.

ఆలోచించాల్సిన అవసరం ఎలా వచ్చిందో ముందు చెప్తాను. రెండేళ్ళ క్రితం మా ప్రాజెక్టులో కోడ్ నాణ్యత కొలిచే ఓ టూల్ పెట్టారు. ప్రతి ఫంక్షన్‌కీ అది ఓ అంకె ఇస్తుంది. 10 దాటితే ఎరుపు, లోపుంటే పచ్చ. మా టీములో నాకన్నా పదిహేనేళ్ళు పెద్దాయన ఒకాయన ఉండేవారు. బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ ఆయన రాసిందే. దానికొచ్చిన అంకె 47. దాన్ని "బాగుచేసే" పని నాకప్పగించారు. వారం రోజులు కూర్చుని ఆ ఒక్కదాన్నీ ముప్ఫై చిన్న చిన్న ఫంక్షన్లుగా కోసేశాను. అన్నీ పచ్చ. మేనేజర్ అందరికీ కాపీ పెట్టి మరీ మెచ్చుకున్నాడు. ఆ ఏడాది అప్రైజల్లో పెద్దాయనకి "అనవసరంగా కాంప్లెక్స్ కోడ్ రాస్తారు" అని రాసి రేటింగ్ తగ్గించారు. నాకు పెంచారు.

మూడు నెలలకి, సరిగ్గా నెలాఖరు రాత్రి, కొన్ని బిల్లులు తప్పు పడ్డాయి. నా ముప్ఫై ఫంక్షన్లూ విడివిడిగా చూస్తే ముత్యాల్లా ఉన్నాయి. కానీ డిస్కౌంటు ముందా, పన్ను ముందా, ఎవరి విషయంలో ఏది ముందు అన్న వరస మాత్రం ఎక్కడా ఒకచోట కనబడదు. రెండు రాత్రులు వెతికాను. మూడో రోజు పొద్దున్నే పెద్దాయన వచ్చి, తన పాత కోడ్ పక్కన పెట్టుకుని, ఇరవై నిమిషాల్లో పట్టేశారు. ఒక్క మాట కూడా దెప్పలేదు. "చిక్కు ఎక్కడికీ పోలేదయ్యా. నా దగ్గర ఒకచోట కనబడేది, నీ దగ్గర ముప్ఫై చోట్ల దాక్కుంది, అంతే" అని నవ్వి వెళ్ళిపోయారు.

దెప్పి ఉంటే ఆ రోజే మర్చిపోయేవాణ్ణేమో. అలా అనలేదు కాబట్టే అది ముల్లులా ఉండిపోయింది. అసలు ఈ చిక్కుని అంకెలో పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చింది, ఎక్కణ్ణించి ఎక్కడికి ప్రయాణం చేసి మా టూల్లోకి చేరింది అని తవ్వుకుంటూ పోయాను. దొరికింది ఇక్కడ పెడుతున్నా.

ముందు మాట సంగతి. ఇంగ్లీషు "కాంప్లెక్స్" లాటిన్ నుంచి వచ్చింది. కలిపి అల్లడం, పెనవేయడం అనే అర్థమున్న క్రియ దాని మూలం. మనకి దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి జటిలం. జట అంటే జడలు కట్టిన జుట్టు. అంటే ఇదీ అల్లికే, పెనవేతే, లాటిన్ వాడి చూపే. రెండోది సంక్లిష్టం. ఇది క్లేశం అన్న మాటకి స్వయానా చుట్టం. రెండింటి ధాతువూ ఒకటే, బాధపడటం. అంటే జటిలం అన్నప్పుడు వస్తువుని చూస్తున్నాం, సంక్లిష్టం అన్నప్పుడు దాంతో కుస్తీ పట్టేవాడి ముఖం చూస్తున్నాం. మనం రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తాం గానీ, వందేళ్ళ పైబడి శాస్త్రవేత్తలు పడ్డ గొడవంతా ఈ తేడాలోనే ఉందని నాకనిపించింది.

భౌతికశాస్త్రంతో మొదలుపెడదాం. సూర్యుడు, ఒక గ్రహం, ఇలా రెండే ఉంటే న్యూటన్ లెక్క చక్కగా తేలిపోతుంది. మూడోది వచ్చిందా, గొడవే. స్వీడన్ రాజు రెండో ఆస్కార్ 60వ పుట్టినరోజు సందర్భంగా పెట్టిన పోటీలో ఈ లెక్క మీద రాసిన వ్యాసానికి 1889లో ఆన్రీ ప్వాంకరేకి బహుమతి వచ్చింది. అచ్చు పనులు జరుగుతుండగా ఫ్రాగ్మెన్ అనే యువ గణితజ్ఞుడు కొన్నిచోట్ల అర్థం కావట్లేదని అడిగాడు (ఇప్పటి భాషలో కోడ్ రివ్యూ అన్నమాట). వాటికి జవాబులు వెతుకుతుంటే ప్వాంకరేకి తన వ్యాసంలోనే పెద్ద తప్పు దొరికింది. అప్పటికే బయటికెళ్ళిన ప్రతుల్ని వెనక్కి తెప్పించి, దిద్ది, 1890లో మళ్ళీ అచ్చు వేయించారు. ఆ ఖర్చు ప్వాంకరేయే భరించాడు, అది బహుమతి సొమ్ము కంటే ఎక్కువే అయింది! రిలీజ్ అయ్యాక దొరికిన బగ్ ఎంత ఖరీదో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ లేదు.

ఆ తప్పు దిద్దేటప్పుడు బయటపడిందే అసలు సంగతి. నియమాలు ఎంత తేలికైనవైనా, వాటి ప్రకారం నడిచే దాని దారి ఊహకందనంత మెలికలు తిరగొచ్చు. డెబ్బై ఏళ్ళ తర్వాత, 1963లో, వాతావరణం మీద పనిచేస్తున్న ఎడ్వర్డ్ లోరెంజ్ మూడే మూడు సమీకరణాలతో ఇదే చూపించాడు. కాబట్టి మొదటి పాఠం: కోడ్ చిన్నదైనంత మాత్రాన ప్రవర్తన చిన్నది కాదు.

ఇక "కాంప్లెక్సిటీ" అన్న మాటని ఒక పరిశోధన విషయంగా నిలబెట్టిన వ్యాసం 1948లో వచ్చింది. రాసినాయన వారెన్ వీవర్. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లో ప్రకృతి శాస్త్రాల విభాగం చూసేవాడు, అంటే ఏ పరిశోధనకి డబ్బివ్వాలో తేల్చే కుర్చీ. ఆయన లెక్క ప్రకారం సమస్యలు మూడు రకాలు. బిలియర్డ్స్ బల్ల మీద ఒకటి రెండు బంతులు ఉంటే తేలికే. లక్షల బంతులున్నా తేలికే, ఎందుకంటే ఏ బంతి ఎటుపోతుందో చెప్పలేకపోయినా సగటు చెప్పొచ్చు. ఇన్సూరెన్సు కంపెనీలు బతికేది దీనిమీదే. కష్టమంతా మధ్యలో ఉంది. సంఖ్య మరీ తక్కువా కాదు, సగటు తీసి చేతులు దులుపుకునేంత విడివిడిగానూ లేవు, ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒక జీవకణం, ఒక ఊరి సంత, గోధుమల ధర ఇలాంటివి. దీనికి ఆయన పెట్టిన పేరుని మన భాషలో "అమరిక ఉన్న సంక్లిష్టత" అనుకోవచ్చు. వచ్చే యాభై ఏళ్ళలో సైన్సు తేల్చుకోవాల్సింది దీంతోనే అనీ, అందుకు అప్పుడప్పుడే పుట్టిన కంప్యూటర్లూ, వేర్వేరు శాస్త్రాల వాళ్ళు కలిసి పనిచేసే బృందాలూ సాయపడతాయనీ ఆశపడ్డాడు.

మన ప్రోగ్రాములు ఎక్కడుంటాయో చూసుకోండి. సరిగ్గా ఆ మధ్యలో.

వీవర్ చెప్పింది బాగుంది గానీ కొలత ఏదీ? అక్కడే దారులు చీలాయి.

ఒక దారి వర్ణించడానికి ఎంత పడుతుంది అన్నది. ఇందులో మన దేశానికీ చిన్న భాగముంది. రష్యన్ గణితజ్ఞుడు ఆంద్రేయ్ కొల్మొగొరోవ్ 1962లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చాడు. శాంపిల్ సర్వేలు చేసే ఆ సంస్థకి రాండమ్ అంకెల పట్టికలు నిత్యం వాడే పనిముట్లు. మరుసటి ఏడాది, 1963లో, అక్కడి పత్రిక "సంఖ్య"లోనే రాండమ్ అంకెల పట్టికల గురించి ఆయన వ్యాసం వచ్చింది. అప్పుడు ఆ సంస్థలో ఉన్న పెద్దల్లో సి.ఆర్. రావుగారు ఒకరు. తెలుగువారు, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్నవారు. 2023లో, 102 ఏళ్ళ వయసులో పోయారు. ఆయన శిష్యుడు శ్రీనివాస వరదన్ థీసిస్‌ని పరీక్షించిన వాళ్ళలో కొల్మొగొరోవ్ కూడా ఉన్నాడు.

ఆ దారిలోనే నడిచి 1965లో కొల్మొగొరోవ్ ఇచ్చిన నిర్వచనం ఇది: ఒక అక్షరాల వరస ఎంత సంక్లిష్టమో తెలియాలంటే, దాన్ని ప్రింట్ చేసే అతి చిన్న ప్రోగ్రాము ఎంత పొడవో చూడు. అమెరికాలో రే సాలమనాఫ్ అంతకు కాస్త ముందే, అప్పటికింకా కుర్రవాడైన గ్రెగరీ చైటిన్ కాస్త తర్వాత, ఎవరికి వారే ఇదే ఆలోచనకి వచ్చారు. పది లక్షల సున్నాలు తేలిక, ఒక్క లూప్ చాలు. పై విలువలో మొదటి పది లక్షల అంకెలు చూడ్డానికి గజిబిజిగా ఉన్నా తేలికే, చిన్న ప్రోగ్రాము చాలు. నాణెం ఎగరేసి రాసిన వరస మాత్రం దాదాపు ఎప్పుడూ కుదించడానికి లొంగదు.

అందమైన నిర్వచనం. కానీ రెండు తిరకాసులున్నాయి. ఒకటి, ఈ కొలతని అన్ని వరసలకీ లెక్కకట్టే ప్రోగ్రాము రాయడం సాధ్యం కాదని రుజువైంది. రెండోది ఇంకా విడ్డూరం. దీని ప్రకారం పిల్లి కీబోర్డు మీద నడిస్తే వచ్చిన పేజీ, అంతే పొడవున్న మంచి కథ కంటే సంక్లిష్టం! గందరగోళానికి పెద్ద పీట, అమరికకి చిన్న పీట. వీవర్ అడిగింది ఇది కాదు.

రెండో దారి మనందరం పరీక్షల కోసం బట్టీపట్టింది: లెక్క చెయ్యడానికి ఎంత పడుతుంది? 1965లోనే, అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనశాలలో యూరిస్ హార్ట్‌మనిస్, రిచర్డ్ స్టెర్న్స్ ఇద్దరూ రాసిన వ్యాసంతో ఈ శాఖకి "కంప్యుటేషనల్ కాంప్లెక్సిటీ" అన్న పేరు స్థిరపడింది. 1971లో స్టీఫెన్ కుక్, విడిగా సోవియట్ యూనియన్లో లియొనిద్ లెవిన్, 1972లో 21 సమస్యల జాబితాతో రిచర్డ్ కార్ప్ కలిసి పి, ఎన్‌పి అనే ముడి వేశారు. 2000లో దానిమీద పది లక్షల డాలర్ల బహుమతి పెట్టారు, ఇప్పటిదాకా ఎవరూ విప్పలేదు. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూరు నుంచి మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ పూర్తి చేసిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో పాలినామియల్ టైములో నికరంగా తేల్చే పద్ధతి కనిపెట్టినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఆచరణలో మాత్రం వేగం కోసం ఇప్పటికీ పాత రాండమ్ పరీక్షలే ఎక్కువగా వాడతారు. అంటే ఈ శాఖలో "తేలిక" అన్న మాటకి కూడా మన వాడుక అర్థం కాదు, వేరే అర్థముంది.

ఈ కొలతకి మనిషితో పనిలేదు, అది గమనించండి. మెషీను ఎన్ని అడుగులు వేస్తుందన్నదే లెక్క. కోడ్ చదివేవాడు ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా అన్నది దానికి పట్టదు.

మూడో దారి హెర్బర్ట్ సైమన్‌ది. 1962లో ఆయనో గడియారాల కథ చెప్పాడు. హోరా, టెంపస్ అని ఇద్దరు గడియారాలు చేసేవాళ్ళు. ఒక్కో గడియారంలో వెయ్యి ముక్కలు. టెంపస్ వెయ్యీ ఒకే వరసలో బిగిస్తాడు, మధ్యలో ఎవరైనా పిలిస్తే చేతిలోది విడిపోయి మళ్ళీ మొదటికి. హోరా పది ముక్కలు ఒక జట్టు, అలాంటి పది జట్లు కలిపి ఇంకో జట్టు, ఇలా చేస్తాడు. పిలుపొస్తే పోయేది ఒక చిన్న జట్టు మాత్రమే. ప్రతి ముక్కకీ నూటికి ఒక్క అంతరాయం అనుకుంటే, టెంపస్ వెయ్యి ముక్కలూ ఆగకుండా బిగించగలిగేది పది లక్షల ప్రయత్నాల్లో 43 సార్లు. ఒక గడియారానికి టెంపస్‌కి పట్టే సమయం హోరాకంటే సుమారు నాలుగు వేల రెట్లని సైమన్ లెక్క.

మాడ్యులారిటీ పాఠం ఇదే కదా, నేను చేసిందీ ఇదే కదా అని సంబరపడ్డాను. మళ్ళీ చదివాక తెలిసింది. సైమన్ చెప్పింది ఎక్కడపడితే అక్కడ కొయ్యమని కాదు. జట్టు లోపలి ముడులు గట్టిగా, జట్టుకీ జట్టుకీ మధ్య ముడులు పల్చగా ఉన్నచోటే అది పనిచేస్తుంది. నేను గట్టి ముడి మీదే కత్తి పెట్టాను.

దీనికి జీవశాస్త్రం నుంచి గట్టి సాక్ష్యం దొరికింది. ఎన్ని రకాల జీవులుంటే అడవి అంత నిలకడగా ఉంటుందని పర్యావరణ శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మేవారు. భౌతికశాస్త్రం నుంచి ఇటొచ్చిన ఆస్ట్రేలియన్ రాబర్ట్ మే 1972లో లెక్కవేసి దాన్ని తిరగేశాడు. జాతుల మధ్య సంబంధాలు ఎలాపడితే అలా ఉంటే, జాతుల సంఖ్య గానీ, వాటి మధ్య ముడులు గానీ, ఆ ముడుల బలం గానీ పెరిగేకొద్దీ ఒక హద్దు దాటగానే నిలకడ ఉన్నట్టుండి పోతుంది. అడవి నిలబడిందంటే సంఖ్య వల్ల కాదు, అమరిక వల్ల. ముడులు గుంపులు గుంపులుగా ఉంటే మేలని ఆయనే సూచించాడు. 2008లో బ్యాంకులు కూలాక, 2011లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కి చెందిన ఆండ్రూ హాల్డేన్‌తో కలిసి ఇదే చూపుతో బ్యాంకింగ్ మీద వ్యాసం రాశాడు. విడివిడిగా ప్రతి బ్యాంకూ పచ్చరంగులోనే ఉండొచ్చు, కలిపి చూస్తే మొత్తం ఎరుపు కావొచ్చు. ఇది చదివినప్పుడు నా ముప్ఫై ఫంక్షన్లు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

అదే 1972లో ఫిలిప్ ఆండర్సన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, ముక్కల నియమాలు తెలిసినంత మాత్రాన కుప్ప ఎలా ప్రవర్తిస్తుందో తెలియదనీ, ప్రతి అంతస్తులోనూ కొత్త నియమాలు పుడతాయనీ వాదించాడు. 1984లో ఇలాంటి ఆలోచనలున్న వాళ్ళంతా కలిసి న్యూ మెక్సికోలో శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. భౌతికం, ఆర్థికం, జీవం అన్నిటికీ ఒకే సిద్ధాంతం దొరుకుతుందని ఆశ. అది దొరకలేదు. 2001లో ఎమ్‌ఐటీకి చెందిన సెత్ లాయిడ్ సంక్లిష్టతకి అప్పటిదాకా ఉన్న కొలతల జాబితా వేస్తే సుమారు నలభై తేలాయి! అన్నిటినీ మూడు ప్రశ్నల కింద సర్దాడాయన: వర్ణించడం ఎంత కష్టం, తయారు చెయ్యడం ఎంత కష్టం, అమరిక ఎంత ఉంది. 2021లో భౌతికశాస్త్రం నోబెల్ బహుమతిని సంక్లిష్ట వ్యవస్థల పేరు మీదే ఇచ్చారు. సగం జార్జో పరీసికి, మిగతా సగం వాతావరణ నమూనాలు కట్టిన మనాబే, హాసెల్మన్‌లకి. బహుమతి వచ్చింది గానీ, కొలత ఒక్కటి కాలేదు.

ఇంత తిరిగి చివరికి మా టూల్ దగ్గరికొచ్చాను. ఆ అంకె 1976 నాటిది. టామ్ మెకేబ్ అనే ఆయన గ్రాఫ్ థియరీ నుంచి ఓ సూత్రం తెచ్చి ప్రోగ్రాములకి వాడాడు. తేలిగ్గా చెప్పాలంటే ఫంక్షన్లో ఎన్ని నిర్ణయాలున్నాయో లెక్కపెట్టి ఒకటి కలపడమే. ఏ దారులు పరీక్షించాలో తెలియడానికి అది పనికొస్తుంది, మంచి పనిముట్టే. 10 అన్న హద్దూ ఆయన చెప్పిందే. కానీ అదే వ్యాసంలో అదేమీ మంత్రం అంకె కాదని కూడా రాశాడు. ఒకదానితో ఒకటి సంబంధం లేని కేసులు బోలెడున్న స్విచ్ లాంటిచోట ఆ హద్దు కుదరదనీ, అక్కడ మినహాయింపు ఇచ్చామనీ అందులోనే ఉంది.

పెద్దాయన ఫంక్షన్లో 47కి ముప్పావు వంతు అదే. కస్టమర్ల రకాన్ని బట్టి ఒక్కో కేసు, పెద్ద స్విచ్. అంటే ఆ అంకె కనిపెట్టిన మనిషే వదిలెయ్యమన్న కోడ్‌కి, ఆ అంకె చూపించే ఒక మనిషి జీతం కోశారు. అందులో నా చెయ్యీ ఉంది.

పదేళ్ళ తర్వాత, 1986లో, ఫ్రెడ్ బ్రూక్స్ దీన్ని ఇంకా సూటిగా చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌లో చిక్కు రెండు రకాలు: సమస్యతో పుట్టింది ఒకటి, మనం చేజేతులా తెచ్చుకుంది ఇంకోటి. రెండోదాన్ని తీసెయ్యొచ్చు. మొదటిదాన్ని తియ్యలేం, ఎక్కడ పెట్టాలో ఎంచుకోగలం, అంతే. పెద్దాయన నోట నేను విన్నది ఇదే మాట.

ఇప్పుడు నాకర్థమైంది ఇది. "ఇది ఎంత సంక్లిష్టం?" అనే ప్రశ్న సగమే. ఎవరికి, ఏం చెయ్యడానికి అన్నది కలిస్తేనే పూర్తవుతుంది. వర్ణించడానికా, మెషీను లెక్క చెయ్యడానికా, రేపు ఏమవుతుందో చెప్పడానికా, లేక అర్ధరాత్రి ఒక మనిషి చదివి సరిచెయ్యడానికా? జటిలత వస్తువులో ఉంటుంది, టూల్ దాన్ని కొంతవరకు లెక్కపెడుతుంది. సంక్లిష్టత మాత్రం ఆ చదివేవాడి క్లేశం. దాన్ని లెక్కపెట్టే టూల్ నాకింకా కనబడలేదు.

ఇదంతా చదివాక మా మేనేజర్‌కి మెయిల్ రాశాను. మెకేబ్ మినహాయింపు గురించి, 47లో స్విచ్ ఎంతో, నా మార్పు వల్ల ఏం జరిగిందో, అన్నీ. ఆయన కాదనలేదు. పాత ఏడాది రేటింగులు మార్చడానికి వీల్లేదు, ఇకనుంచి స్విచ్‌లకి మినహాయింపు పెడదాం అన్నాడు. మినహాయింపు వచ్చింది. రేటింగ్ మారలేదు. ఆ మెయిల్ పెద్దాయనకి చూపిస్తే "ఇప్పుడెందుకయ్యా ఇదంతా" అన్నారు గానీ, రెండుసార్లు చదివారు. ఆర్నెల్లకి ఆయన వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు.

ఆ స్విచ్ మళ్ళీ ఒకచోటికి తెచ్చి పెట్టాను. పైన డిస్కౌంటు, పన్ను వరస ఎందుకలా ఉందో నాలుగు లైన్ల కామెంటు రాశాను. ఎస్టిమేషన్ షీటులో ఇప్పటికీ లో, మీడియం, హై అనే మూడే ఆప్షన్లు. పక్క కాలమ్‌లో మాత్రం "ఎవరికి?" అని ఒక ముక్క రాస్తున్నాను. మీ షీటులో ఆ కాలమ్ ఎలా నింపుతారో, ఆ అంకె చూసి ఎప్పుడైనా ఎవరి మీదైనా తీర్పు చెప్పారో ఒక్కసారి గుర్తు చేసుకోండి.